పేరిందేవి కుండలో పురుగు

అనగనగా, కొబ్బరికాయకు మూడు కళ్ళున్నా లోకం కేసి ఒక్కసారీ చూడని రోజుల్లోనే, నదీ సముద్రమూ కలిసేచోట టెంకాయలంక అని ఒక చిన్న రాజ్యం ఉండేదట.

ఆ రాజ్యానికి కొబ్బరే సర్వం. పొద్దున కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం కొబ్బరి అన్నం, సాయంత్రం కొబ్బరి లౌజు. ఇంటి మీద కొబ్బరాకు, ఒంటికి కొబ్బరినూనె, పడవకు కొబ్బరి తాడు. అలిగిన అల్లుడికి సైతం ఒక బొండాం కొట్టి ఇస్తే అలక దిగిపోయేది. ప్రతి ఇంటివారూ తమ పది కాయల్లో ఒక కాయ రాజుగారి బొక్కసానికి ఇచ్చేవారు.

ఆ బొక్కసానికి అధికారి తిప్పన. పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. కానీ మనిషి నిప్పు. బొక్కసంలో కాయలు గుట్టలు పడి ఉన్నా ఒక్క చిప్ప ఇంటికి తీసుకెళ్ళి ఎరగడు. ఆయన భార్య మొగుణ్ణి తిట్టుకుంటూ సంతలో కాయ కొనుక్కునేది.

"ఇవి చెట్టెక్కినవాడి చెమట. ఒక్క కాయ దండగైనా నేను ఊరుకోను," అనేవాడు తిప్పన.

ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ దొర్లిందో వినండి.

రాజుగారి తాతగారు ఎప్పుడో ఒక విద్యాశాల పెట్టారు. కొత్త సంగతులు కనుక్కునే పండితులకు అక్కడ తిండీ బసా ఉచితం. ఒకనాడు తిప్పన దాన్ని చూడబోయాడు. వసారాలో పొడుగాటి గడ్డాల పండితులు ముగ్గురు బోర్లించిన గంపల్లా కూర్చుని ఉన్నారు.

"ఏం కనుక్కున్నారయ్యా?" అన్నాడు తిప్పన.

"ఆలోచిస్తున్నాం," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

పెరట్లో నాలుగో పండితురాలు ఉంది. పేరు పేరిందేవి. నడివయసు మనిషి, మాట కరుకు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, మూడు కుండల నిండా మాగిన పేడ పోసుకుని, అందులోకి తల దూర్చి చూస్తోంది. తిప్పన ముక్కు మూసుకుని దగ్గరికి వెళ్ళాడు. పేడలో బొటనవేలంత లావున తెల్లటి పురుగొకటి చుట్ట చుట్టుకుని పడుకుంది.

"ఏమిటమ్మా ఇది?"

"పెంటకుప్పల్లో దొరికిందండీ. ఇది పెరిగి ఏమవుతుందో చూద్దామని పెంచుతున్నాను."

"ఏమవుతుంది?"

"తెలియదు."

"తెలిస్తే దేనికి పనికొస్తుంది?"

"అదీ తెలియదు."

తిప్పనకు నవ్వాగలేదు. "పురుగు పెద్దదైతే ఏమవుతుందమ్మా, పెద్ద పురుగవుతుంది! దానికి కొబ్బరికాయలు తగలెయ్యాలా?"

తన చమత్కారానికి తనే మురిసిపోతూ, దారి పొడవునా నవ్వుకుంటూ కోటకు వెళ్ళాడు. వెళ్ళి రాజు ఉద్దండ భూపతికి విన్నవించాడు.

"ప్రభూ! ఇకమీదట 'తెలిసింది' అన్నవారికే కాయలిద్దాం. 'తెలియదు' అన్నవారికి మానేద్దాం. ప్రజల సొమ్ము పేడపాలు కారాదు."

ఉద్దండ భూపతికి పేరులోనే ఉంది ఉద్దండం. మిగతాదంతా బొజ్జ. లౌజు నములుతూ, "భేష్!" అన్నాడు. వెంటనే చాటింపు వేశారు.

వచ్చే పున్నమికి సభ తీర్చారు. పండితుల గడ్డాలకు నూనె కూడా పట్టింది.

మొదటి పండితుడు లేచాడు. "మహాప్రభూ! అహోరాత్రులు శ్రమించి కనుక్కున్నాను. బెల్లం తియ్యగా ఉంటుంది. ముందు నుంచి కొరికినా తీపే, వెనక నుంచి కొరికినా తీపే."

"నాకు చిన్నప్పటి నుంచీ ఆ అనుమానం ఉంది!" అన్నాడు రాజు ఆనందంగా. శాలువా కప్పారు.

రెండో పండితుడు లేచాడు. "నీరు పల్లానికి పారును. ఎంత బతిమాలినా మెరక ఎక్కదు. నేను స్వయంగా బతిమాలి చూశాను." ఆయనకూ శాలువా.

మూడో పండితుడు లేచాడు. "వానలో నిలబడినవాడు తడుస్తాడు." ఆయనకు శాలువాతో పాటు పల్లకీ కూడా.

తిప్పన ఛాతీ ఉప్పొంగింది. చూశారా, ముగ్గురిలో ఒక్కరూ ఓడిపోలేదు! తాతలనాటి నుంచి ఇన్ని విజయాలు ఒక్క రోజున ఎవరు చూశారు?

చివరికి పేరిందేవి లేచింది. "ఒక కుండలో తడి ఎక్కువై పురుగులు చచ్చాయి. ఇంకో కుండను ఎండలో పెట్టాను, పేడ ఆరిపోయి అందులోవీ చచ్చాయి. మూడో కుండలోవి బతికి ఉన్నాయి. అవి ఏమవుతాయో ఇంకా తెలియదు."

"అంటే మూడింట రెండు ఓటములు. మూడోది తెలియదు," అని తిప్పన తేల్చేశాడు. పేరిందేవికి విద్యాశాలలో తిండి ఆగిపోయింది.

ఆవిడ ఏడవలేదు. మిగిలిన కుండను చంకనెత్తుకుని, ఊరి చివర పాకలో దిగి, కొబ్బరి తాడు పేనుకుంటూ బతికింది. రోజూ కుండలోకి తొంగి చూడడం మాత్రం మానలేదు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. అప్పుడు వచ్చింది అసలు కష్టం.

ఒకరోజు దింపు తీసే, అంటే కాయలు కోసి దించే, పోలయ్య చెట్టెక్కి, దిగుతూనే నెత్తి బాదుకున్నాడు. కొత్తగా విచ్చిన మట్టలన్నీ కత్తెర వేసినట్టు తెగి ఉన్నాయి. చెట్టు నెత్తిన లేత మొవ్వులో కన్నం. కన్నంలో నల్లగా నిగనిగలాడుతూ, నెత్తిన కొమ్మున్న పురుగు! ఆ చెట్టుకే కాదు, పక్క చెట్టుకూ అంతే. నెల తిరిగేసరికి సగం తోటల్లో పిందెలు రాలాయి. కొన్ని చెట్లు తలలు వాల్చాయి. రాజ్యంలో పచ్చడి పలచబడింది. అల్లుళ్ళ అలకలు దిగడం లేదు. జనం గిన్నెలూ చాపలూ మూట కట్టుకుని ఒడ్డు దాటే మాట ఎత్తుకున్నారు.

రాజు గాభరాగా పండితులను పిలిపించాడు.

మొదటి ఆయన, "పురుగు తీపికి లొంగుతుంది," అని చెట్లకు బెల్లం పూయించాడు. చీమలు వచ్చాయి. పురుగు వెళ్ళలేదు.

రెండో ఆయన మొవ్వుల్లో బిందెలతో నీళ్ళు పోయించాడు. నీరు పల్లానికి పారింది. చెట్టు పట్టుకున్నవాళ్ళు ముద్దయ్యారు.

మూడో ఆయన, "వాన కోసం ఆగండి," అన్నాడు. వాన వచ్చింది. అందరూ తడిశారు. "చూశారా, నా సిద్ధాంతం!" అని ఆయన పల్లకీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఉద్దండ భూపతికి మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. "ఏమయ్యా తిప్పనా! తెలిసినవాళ్ళే కావాలన్నావు. ఇదేనా తెలిసింది? చెట్లు దక్కకపోతే నిన్ను చిల్లు పడవ ఎక్కించి సముద్రంలోకి తోయిస్తాను!"

తిప్పనకు ఈత రాదు. కానీ ఆయన్ని కుంగదీసింది అది కాదు. కోట బయట పోలయ్య పిల్లలు రాలిన పిందెలు ఏరుకుని, తినడానికి లేక చీకుతున్నారు. ఇంకెవరు మిగిలారు అడగడానికి? తల వంచుకుని పేరిందేవి పాకకు నడిచాడు.

అక్కడ అప్పటికే రచ్చ జరుగుతోంది. కొబ్బరి వర్తకుడు మారప గొంతు చించుకుంటున్నాడు.

"మోసం చేశావమ్మా! నువ్వు చెప్పినట్టే నా పెంటకుప్పలన్నీ చెదరగొట్టి ఎండలో ఆరబోశాను. తెల్ల పురుగులన్నీ మాడి చచ్చాయి. అయినా నా చెట్లు చీపురుకట్టలయ్యాయి!"

"నీ కుప్పలు బాగుచేశావు సరే. నీ పక్కింటివాడివి?" అంది పేరిందేవి, తాడు పేనుతూనే.

"వాడికెందుకు చెబుతాను? వాడి చెట్లు చస్తే నా కాయ ధర చెట్టెక్కుతుందని కదా..." అని మారప నాలిక కరుచుకున్నాడు.

"అందుకే కదయ్యా, ఎవరికీ చెప్పొద్దని నాకు పట్టుచీర ఇవ్వబోయావు! ఆ చీర వద్దు, చెప్పకుండా ఉండడమూ నావల్ల కాదన్నాను. ఊరివాళ్ళకు చెప్పబోతే పేడ పిచ్చిదని నవ్వారు. కోటకు వెళ్తే, 'తెలియదు' అన్నవాళ్ళను రానివ్వబోమని బంట్రోతులు గెంటారు. పురుగుకు రెక్కలున్నాయి మారపా. దానికి నీ కంచె ఏది, వాడి కంచె ఏది?"

తిప్పన ముందుకొచ్చాడు. "అమ్మా, ఏ పురుగు సంగతి?"

పేరిందేవి మూడో కుండ మూత తీసింది. లోపల, కొమ్మూపుతూ, నల్లగా నిగనిగలాడుతూ కూర్చుంది చెట్లను తింటున్న ఆ పురుగే.

తిప్పన రెండడుగులు వెనక్కి గెంతాడు. "ఆ తెల్లదేనా ఇది!"

"అదే. పిల్లప్పుడు పెంటలో ఉంటుంది. రెక్కలొచ్చాక చెట్టెక్కుతుంది. చెట్టెక్కాక దాని వెంటపడితే మనకు ఆయాసమే. ఎలా చస్తుందంటారా, నా ఎండిపోయిన కుండ చెప్పింది. పేడ పలచగా ఎండలో ఆరితే అది బతకదు. మీరు ఓటమి అన్నారే, ఆ కుండే." పేరిందేవి తాడు పక్కన పెట్టింది. "కానీ రాజ్యంలో కుప్పలన్నీ ఒక్కసారే చెదరగొట్టి ఆరబోయాలి. ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికొస్తాం. అన్నిటికన్నా పెద్ద కుప్ప ఎక్కడుందండీ?"

పెద్ద కుప్ప ఎక్కడుందో తిప్పనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కోట ఏనుగుశాల వెనక ఉంది. పేడ ఎత్తి పోసే బండ్లకు కూలి దండగని మాన్పించింది ఆయనే. అది ఇప్పుడు ఏనుగుల కన్నా ఎత్తు పెరిగింది.

చెబితే పడవ. చెప్పకపోతే చెట్లు పోతాయి. మారప ఒకవైపు కన్ను గీటుతూనే ఉన్నాడు, పెద్దవాళ్ళ సంగతి మనకెందుకన్నట్టు. తిప్పన అతని వంక చూడలేదు. కుండ పట్టుకుని, పేరిందేవిని వెంటబెట్టుకుని, సరాసరి సభకు వెళ్ళాడు.

సభలో జనం కిక్కిరిసి ఉన్నారు. తిప్పన కుండ నేల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. పోలయ్య చివాలున లేచాడు.

"చిత్తం అయ్యగారూ, ఒక్క మాటండీ. మా కాయలు పెట్టి, మా చెట్లు తినే పురుగుల్ని పెంచారాండీ ఈవిడ?"

"లేదు పోలయ్యా. ఆవిడ కుండలో నాలుగు పెంచింది, మనం బతికేందుకు. ఏనుగుశాల వెనక లక్షలు పెంచింది నేను. బండి కూలి మిగిల్చాననుకుని నీ తోట పోగొట్టాను. ఆవిడ తిండి మిగిల్చాననుకుని మందు పోగొట్టాను. ప్రభూ, పడవ తెప్పించండి."

జనమంతా రాజు వంక చూశారు.

ఉద్దండ భూపతి బొజ్జ మెల్లగా కదిలింది. తర్వాత గట్టిగా కదిలింది. ఆయన నవ్వుతున్నాడు. "అంటే ఆ పెద్ద కుప్ప నా ఏనుగులదేనన్నమాట! తిప్పనా, నిన్ను సముద్రంలోకి తోస్తే దాన్నెవడు ఎత్తుతాడు? పడవ సంగతి తర్వాత. ముందు పార పట్టు!"

మర్నాడు పొద్దున్నే రాజ్యమంతా పారలు పట్టింది. రాజు పట్టాడు, తిప్పన పట్టాడు. గడ్డాలు ముడి వేసుకుని పండితులు ముగ్గురూ గంపలు మోశారు. పల్లకీలో కూడా పేడే మోశారు. మారప అందరికన్నా గట్టిగా అరిచాడు, "పక్కింటివాళ్ళ కుప్ప వదలకండర్రా!" అని. మొవ్వుల్లో మిగిలిన పురుగులను పోలయ్య బృందం ఇనప చువ్వలతో లాగి పారేసింది. ఆ పురుగులు మెక్కి మెక్కి ఆ వారం టెంకాయలంక కోళ్ళు ఎగరడం మానేసి దొర్లుకుంటూ తిరిగాయి.

నెలలు గడిచాయి. చెట్లు మళ్ళీ నిండు మట్టలు విప్పాయి. పిందె నిలిచింది.

తిప్పన కొత్త చాటింపు వేయించాడు. బొక్కసానికి వచ్చే ప్రతి పది కాయల్లో ఒకటి విద్యాశాలకు. తెలిసినా, తెలియకపోయినా తిండి ఆగదు. షరతు ఒక్కటే. చేసిన పని, చెడిన పని కూడా, పదిమంది ముందు దాచకుండా చెప్పాలి.

తర్వాతి సభలో మొదటి పండితుడు వణుకుతూ లేచాడు. "ప్రభూ... బెల్లం ఎందుకు తియ్యగా ఉంటుందో నాకు తెలియదు," అన్నాడు. తిప్పన చప్పట్లు కొట్టాడు. ఆ పొడుగాటి గడ్డం వెనక నిజంగానే ఒక పండితుడు ఉన్నాడని అందరికీ అప్పటికి తెలిసింది.

ఆ ఏడు దింపులో పోలయ్య తన పదో కాయను బొక్కసానికి పంపలేదు. స్వయంగా విద్యాశాలకు మోసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "నా కాయ ఏం చేస్తన్నారో చూసి పోదామని వచ్చానండీ," అన్నాడు అనుమానంగానే.

మళ్ళీ విద్యాశాలకు చేరిన పేరిందేవి కుండ ముందు నుంచి కాస్త పక్కకు జరిగి, తన పక్కన పీట వేసింది. కుండలోకి తొంగి చూస్తూ, పొద్దు వాలేదాకా పోలయ్య అక్కడి నుంచి లేవలేదు.

నీతి: వెతికేవారికి పదిమందీ కలిసి అన్నం పెట్టాలి, ఆపద వచ్చినప్పుడు ఒక్కడి కంచె ఎవరినీ కాపాడదు, పదిమందికీ తెలిసిన నిజమే కాపాడుతుంది.