గునపం దిబ్బ, తుంపర మడ

నది సముద్రంలో కలిసే చోట చిలకలంక అని ఒక అడవి. మామూలు అడవి కాదు, మడ అడవి. అక్కడి చెట్లు ఉప్పునీళ్లలో, బురదలో, కాళ్లు బారజాపినట్టు వేళ్లు దించుకుని నిలబడతాయి. ఆ వేళ్ల సందుల్లో పీతలు, రొయ్యలు. కొమ్మల మీద కొంగలు. గట్ల మీద బావురుపిల్లులు, ఉడుములు, నక్కలు, అడవిపందులు. పాయల్లో నీటికుక్కలు. అందరికీ చోటుండేది, అందరికీ తిండి ఉండేది.

అలాంటి చిలకలంకకు గండం వచ్చిపడింది. ఎక్కడెక్కడి పొగలకో ఎండలు ముదిరి, మంచుకొండలు కరిగి, సముద్రం ఏటికేడు పైపైకి రాసాగింది. పక్కనున్న గవ్వలంకను అప్పుడే మింగేసింది. అక్కడి జంతువులు ఈదుకుంటూ వచ్చి, తమ లంక ఇక లేదని మాత్రం చెప్పి, ఒడ్డున కూలబడ్డాయి. ఆ మాట విన్నాక చిలకలంకలో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

తుంపర అనే నీటికుక్కకైతే మరీ బెంగ పట్టుకుంది. దానికి ఇద్దరు పిల్లలు, బుడుంగు, చిందు. వాళ్లకింకా ఈత సరిగ్గా రాదు. పున్నమి పోటుకు నీళ్లు బొరియ గుమ్మం దాకా వచ్చి పోతున్నాయి. ఈ పసివాళ్లను ఎక్కడ దాచుకోవాలా అని అది రోజూ మథనపడేది.

అడవికి పెద్ద, గునపం అనే అడవిపంది. కోరలు గునపాల్లా ఉంటాయని ఆ పేరు. దానికి వచ్చిన విద్య ఒకటే, ముట్టెతో తవ్వడం. ఆకలేస్తే తవ్వుతుంది, కోపమొస్తే తవ్వుతుంది, ఏమీ తోచకపోయినా తవ్వుతుంది. సముద్రం వస్తోందంటే మాత్రం ఇంకేం చేస్తుంది? లంక నడుమ పెద్ద దిబ్బ లేపుతానంది.

"సముద్రం ఎంత ఎత్తు వచ్చినా మన దిబ్బ దానికంటే మూరెడు ఎక్కువే ఉంటుంది. దిబ్బ మీద చోటు కావలసినవాళ్లు మట్టి తేవాలి. తేనివాళ్ల సంగతి సముద్రం చూసుకుంటుంది" అని చాటించింది.

మట్టి ఎక్కడిది? ఒడ్డుదే. మడ చెట్ల మొదట్లో మట్టి జిగటగా ఉంటుంది, దిబ్బకు బాగా అతుక్కుంటుంది. గునపం ఒక్క కుమ్ము కుమ్మితే చెట్టు పక్కకు ఒరిగేది, మట్టి పెళ్లలు లేచేవి. ఇల్లు పీకి పందిరేయడమంటే ఇదే. అయినా అడవంతా బారులు తీరి ఆ పెళ్లలు మోసింది. గవ్వలంక వాళ్లు అందరికంటే ఎక్కువ మోశారు పాపం, భయం ఎరిగినవాళ్లు కదా.

తుంపర కూడా మోసింది. తన పాయ ఒడ్డునుంచే, చిన్న చేతులతో ముద్దలు చేసి మోసింది. చివరికి, గునపం తరఫున చోట్లు పంచే నక్క, దిబ్బ అంచున చాపంత జాగా చూపించింది. తుంపర పిల్లలిద్దరినీ అక్కడ కూర్చోబెట్టి, చూసుకుని మురిసిపోయింది.

ఆ సాయంత్రం పాయకు వెళితే బొరియ లేదు. తాను మట్టి తీసిన చోట చెట్టు కూలింది. చెట్టు పోయాక ఒడ్డు జారింది. ఒడ్డుతో పాటే ఇల్లూ పోయింది. అలకు కొట్టుకుపోయిందని సరిపెట్టుకుందామంటే, ఆ రోజు సముద్రం గిన్నెలో నీళ్లలా కదలకుండా ఉంది. నా ఇల్లు నేనే పీక్కున్నానే అనుకుని తుంపర బురదలో కూలబడి ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి తల ఎత్తితే, కాస్త అవతల ఇంకా కొన్ని చెట్లు నిలబడి ఉన్నాయి. అక్కడ ఒడ్డు చెక్కుచెదరలేదు. పైగా వేళ్ల మధ్య కొత్త ఒండ్రు చేరి, పోయినేటి కంటే ఎత్తుగా ఉంది. తుంపర దగ్గరకు వెళ్లి ఆ ఒండ్రును నొక్కి చూసింది. పోటు తెచ్చే మట్టిని ఈ వేళ్లు పట్టి ఉంచుతున్నాయి. నీళ్లు పైకి వస్తుంటే ఇక్కడ నేల కూడా పైకి వస్తోంది. ఈ చెట్లను పీకేనా మనం దిబ్బ కడుతున్నది అనుకుంది.

తెల్లారగానే గునపం దగ్గరకు వెళ్లి చూసిందంతా చెప్పింది. పాయ ఒడ్డున మిగిలిన చెట్ల జోలికి మాత్రం రావద్దని బతిమాలింది. గునపానికి చిర్రెత్తింది.

"చెట్లు కావాలో, దిబ్బ మీద చోటు కావాలో తేల్చుకో" అంది.

తుంపర పిల్లల వైపు చూసింది. తన మాట తప్పయితే పోయేది తన ఒక్క ప్రాణం కాదు.

"చెట్లే కావాలి మామా" అంది చివరికి.

"అయితే ఆ కర్రలు పట్టుకునే వేలాడు" అంది గునపం.

తుంపర పిల్లలను ఒక్కొక్కరినే మెడ పట్టుకుని దిబ్బ దింపి, పాయ ఒడ్డున మిగిలిన చెట్ల వేళ్ల మధ్యకు చేర్చుకుంది. దీనికి పిచ్చి ముదిరిందని అడవంతా నవ్వింది.

నీటికుక్క పిల్లలు ఒక్కచోట కుదురుగా ఉంటాయా? ఉండవు. మడ చెట్టు తీరే వేరు. దాని విత్తనం తల్లి కొమ్మ మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, ముదిరాక రాలుతుంది. బుడుంగు, చిందు ఆ కాయలు ఎత్తుకొచ్చి, బురదలో జారుతూ, ఎవరిది నిలువుగా గుచ్చుకుంటుందా అని పందెం వేసుకునేవారు. కొన్నాళ్లకు తుంపర వచ్చి చూస్తే, గుచ్చుకున్న కాయలకు ఆకులు! ఒడ్డంతా పాడుచేశామని అమ్మ తిడుతుందేమోనని పిల్లలు వెనక్కి నక్కారు. తుంపర తిట్టలేదు. తానూ ఒక కాయ తెచ్చి ఆటలో చేరింది.

అప్పటినుంచి రోజూ నీరు తీసినప్పుడల్లా అదే ఆట. కొన్నిటిని అల పీకేసేది. మళ్లీ గుచ్చేవారు. నక్క వచ్చి చూసి, పుల్లలు గుచ్చి సముద్రాన్ని ఆపేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని వెక్కిరించి పోయేది. నవ్విన నాపచేనే పండుతుందంటారు, ఆ సంగతి దానికి తెలియదు.

కొన్నేళ్లు గడిచాయి. బుడుంగు తల్లిని మించి పెరిగింది. చిందుకు పిల్లలు పుట్టారు. పాయ ఒడ్డున మడ గుబురుకట్టింది. దిబ్బ కూడా కొండంత అయింది, కానీ దాని చుట్టూ ఒడ్డు బోడిగుండయింది.

ఒక కార్తీకంలో ఉప్పెన వచ్చింది. అల దిబ్బ ఎక్కనే లేదు. ఎక్కాల్సిన పనే లేకపోయింది. అడుగున పట్టు లేని మట్టిని నాకేసింది, పైనున్నదంతా తడిసిన బెల్లంలా కుంగిపోయింది. అందరికంటే ముందు దూకింది నక్క. తర్వాత మిగతావాళ్లు, చివరికి గునపం, నీళ్లలో పడ్డారు.

అదే అల తుంపర మడలోకీ వచ్చింది. వేళ్లలో చిక్కి, చీలి, చిందు పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఉత్త నురగయింది. తుంపర ఒక్క క్షణం ఆ పసివాళ్లను చూసుకుంది. వెంటనే బుడుంగును, చిందును వెంటబెట్టుకుని, కొట్టుకుపోతున్నవాళ్ల కోసం ఈదింది. ఉడుములను, బావురుపిల్లులను, ఆఖరికి నక్కను కూడా ఒక్కొక్కరినే మడలోకి లాక్కొచ్చారు.

గునపం మాత్రం లాగితే వచ్చే శాల్తీ కాదు. అది కొట్టుకొచ్చి, ఒక మడ చెట్టును కోరలతో కరుచుకుని వేలాడుతోంది. పిల్లలు ఆటలో గుచ్చిన కాయే ఆ చెట్టయింది. తానన్న మాట గునపానికి గుర్తొచ్చి కళ్లు దించుకుంది. తుంపరకూ గుర్తుంది. కానీ ఎత్తిపొడవలేదు.

"గట్టిగా పట్టుకో మామా, అది ఊడదు" అంది.

పొద్దున్నకు నీళ్లు తీశాయి. దిబ్బ ఉన్న చోట నీటిగుంట మిగిలింది. గునపం దాన్ని చూసి, తుంపర దగ్గరకు వచ్చింది.

"నాకు తవ్వడం తప్ప ఏమీ రాదే, ఇక నేనెందుకు?" అంది.

"తవ్వు మామా. ఈసారి మడ కాయ పట్టేంత గొయ్యి చాలు" అంది తుంపర.

ఆ రోజు మొదలు గునపం ముందు ముట్టెతో గోతులు తీస్తూ పోయేది. వెనకాల చిందు పిల్లలు కాయలు నిలబెడుతూ పోయేవారు. సముద్రం పెరగడం మానలేదు. మడా పెరగడం మానలేదు.

మరికొన్నాళ్లకు ఇంకో లంక మునిగి, అక్కడి జింకలు ఈదుకుంటూ వచ్చాయి. గునపం చట్టం వాటి చెవిన ఎప్పుడో పడింది. ఒక తల్లి జింక వణుకుతూ, తనకూ పిల్లకూ చోటు కావాలంటే ఎంత మట్టి తేవాలని అడిగింది. బురద ముట్టెతో గునపం గోతిలోంచి తలెత్తింది.

"మట్టి వద్దమ్మా. ఇదిగో, ఈ కాయ నువ్వే నాటు. మీ చోటు ఇక్కడే" అంది.

నీతి: అందరినీ కాచే కంచె పీకి కట్టుకున్న మేడ, కట్టినవాడినైనా కాయదు. అందరి కోసం నాటిన మొక్క, నవ్వినవాడిని కూడా కాస్తుంది.