చలికోట శాలువా

చిన్న కథే, పొయ్యి మీద పాలు పొంగేలోగా అయిపోతుంది. చలికోట అని ఒక కొండరాజ్యం ఉండేది. చలి అంటే గుర్తొచ్చింది, మా పక్కింటి రత్తమ్మగారు మాఘమాసంలో అరకు వెళ్ళి స్వెట్టర్ కొనుక్కొచ్చారు. వైశాఖం వచ్చినా విప్పలేదు. చూడనివాళ్ళు ఊళ్ళో ఇంకా మిగిలారట. సరే, పాలు ఈపాటికి పొంగే ఉంటాయి, కథకొద్దాం.

రాజుగారి ఎదుట ఎవరూ ఉన్నిశాలువా తీయకూడదని చలికోట చట్టం. అది తనకూ వర్తిస్తుందని రాజు శరభభూపతిగారు గొప్పగా చెప్పుకునేవారు. కొండ మీద అది మంచి చట్టమే.

రోహిణి కార్తెలో ఆయనకు కింది మైదానం చూడాలనిపించింది. తడిపిన వట్టివేళ్ళ తెరలు కట్టిన పల్లకీలో పడుకుని దిగారు. బోయీలు శాలువాలు కప్పుకుని మోశారు. మిట్టమధ్యాహ్నం పైడయ్య అనే బోయీ కళ్ళు తిరుగుతుంటే తాళలేక శాలువా తీసేశాడు. తెర సందులోంచి రాజుగారు చూశారు.

"నాకు లేని ఎండ వీడికెక్కడిది?" అన్నారు. తీసిన చెయ్యి నరకమన్నారు. న్యాయమైన తీర్పని మంత్రిగారన్నారు. ఆయన ఏ తీర్పునైనా అలాగే అంటారు.

అలాంటి శిక్షకు ఒక ఆచారముంది. నేరం జరిగిన చోటే, అదే వేళకు, రాజు నిండు దర్బారు దుస్తుల్లో కూర్చోవాలి. ముందుగా బిరుదులన్నీ చదవాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి. ఆచారం పెట్టింది రాజుగారే, అన్ని బిరుదులు పెట్టుకున్నదీ ఆయనే. చదివే ఉద్యోగం కూర్మన్నది.

మర్నాడు మధ్యాహ్నం ఇసుకలో సింహాసనం వేశారు. పైడయ్య చేతిని మొద్దుకు కట్టారు. అతని భార్య దూరంగా కూలబడింది. తలారి కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

కూర్మన్న ఒక్కో బిరుదూ నమిలి నమిలి చదివాడు. రాజుగారి నుదుటి బొట్టు కరిగి ముక్కు మీదికి వచ్చింది. అయినా కదల్లేదు. బిరుదులు అయిపోవచ్చాయి. తలారి కత్తి ఎత్తాడు. చివరి బిరుదు సగంలో కూర్మన్న దగ్గాడు.

"క్షమించాలి ప్రభూ, ఆగిపోయాను. మొదటి నుంచి చదవాలి."

రాజుగారు శాలువా లాగి ఇసుకలోకి విసిరికొట్టారు.

కూర్మన్న వంగి దండం పెట్టాడు.

"తలారి ఇప్పుడు ఎవరి పక్కన నిలబడాలో సెలవివ్వండి ప్రభూ."

రాజుగారు తన చేతిని చాలాసేపు చూసుకున్నారు. తర్వాత పగలబడి నవ్వారు. మంత్రిగారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

పైడయ్య కట్లు విప్పారు. చట్టం రద్దయింది. అందరికంటే ముందు మంత్రిగారే శాలువా పారేశారు, వెనకే అందరూ. రాజుగారు తన శాలువాను కూర్మన్నకు బహుమానంగా కప్పారు. రాజు కప్పినదాన్ని పొద్దు గూకేదాకా తీయకూడదు, అది వేరే ఆచారం. కాసేపటికే కూర్మన్న పడిపోయాడు.

పైడయ్య అతని మొహాన నీళ్ళు కొట్టి, మజ్జిగ తాగించి, పల్లకీలో పడుకోబెట్టాడు. పల్లకీ ఒకటే. రాజుగారు నడిచారు.

కొండెక్కేకొద్దీ చలి పెరిగింది. ఇచ్చిన శాలువా తిరిగి అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. కోట చేరేసరికి రాజుగారికి జలుబు చేసింది.