సుంకమ్మ కొంగున ఫ్యూజు

అనగనగా, జనం కరెంటు స్తంభానికి కూడా దండం పెట్టి నడిచే కాలంలో, కరెంటు చదువు చెప్పే కాలేజీ ఒకటి ఉండేదట. అందులో సుంకమ్మ అనే ఆమె గదులు ఊడ్చేది. ఊడుస్తూ ఊడుస్తూ పాఠాలన్నీ వినేది. విన్నవన్నీ ఇంటికెళ్ళి కూతురు మద్దమ్మకు చెప్పేది.

"ఎద్దుల్లేకుండా నీళ్ళొస్తాయంట. నూనె లేకుండా దీపమెలుగుతాదంట. ఎండలోంచే కరెంటు తీసే రోజొస్తాదంట. అదంతా నేను చేస్తానమ్మా" అనేది మద్దమ్మ. ఆ పిల్లకు అన్నం కూడా గుర్తుండేది కాదు.

సుంకమ్మ కాలేజీ పెద్దసారును కూతురికి సీటడిగింది.

"ఆడపిల్ల స్తంభమెక్కుతుందా? కుట్టుపని నేర్పించు పో" అన్నాడాయన.

మరుసటేడు మళ్ళీ అడిగింది. అదే మాట.

ఒకనాడు లైన్‌మన్ హనుమన్న కాలేజీ వెనక స్తంభమెక్కుతూ ఫ్యూజు పీకి సుంకమ్మ చేతికిచ్చాడు. అది మళ్ళీ పెడితే తీగలోకి కరెంటొస్తుంది, పైనున్న మనిషి బతకడు. సుంకమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇంతలో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురు. ఫ్యాన్లు తిరగాలి. పెద్దసారు ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఫ్యూజియ్యి సుంకమ్మా."

"మనిషి దిగలేదు సారూ. ఇయ్యను."

"పనిలోంచి తీసేస్తా. ఇయ్యి."

"మనిషి దిగలేదు. ఇయ్యను."

పెద్దసారు గొంతు తగ్గించాడు. "వాడికేం కాదులే. నీ కూతురి పేరు ఇప్పుడే రాస్తా. ఇయ్యి."

సుంకమ్మ రెండేళ్ళుగా ఆ మాట కోసమే తిరిగింది. చెయ్యి కొంగు మీదికి పోయింది. ముడి ఇంకాస్త బిగించింది.

"మనిషి దిగలేదు. ఇయ్యను. ఊడ్చేదానికి తెలిసింది నీకు తెల్లేదే, నువ్వా నా బిడ్డకు చదువొద్దనేది?"

ఆఫీసరు వచ్చి చెమటలోనే కూర్చుని వెళ్ళిపోయాడు. సుంకమ్మ పని పోయింది. హనుమన్న కిందికి దిగి సంగతంతా విన్నాడు. మర్నాటి నుంచి ఒక్క లైన్‌మన్ కూడా స్తంభమెక్కలేదు. "మద్దమ్మ పేరు రాస్తేనే ఎక్కుతాం" అన్నారు. మూడోనాటికి పెద్దసారు తన చేత్తోనే ఆ పేరు రాశాడు.

సుంకమ్మ పని మాత్రం తిరిగి రాలేదు. ఆమె అడగనూ లేదు. మద్దమ్మ చదివి, నలభై ఊళ్ళకు తీగలు లాగించింది. అదంతా కళ్ళారా చూసుకున్నాకే సుంకమ్మ కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ కాలేజీలో చేరిన ఆడపిల్లలు తొలిరోజు ఓ ఫ్యూజు చున్నీకి ముడేసుకుంటారు. ఆ చుట్టుపక్కల స్తంభమెక్కేవాళ్ళు ముందు "సుంకమ్మా" అని పిలుస్తారు. కింద ఫ్యూజు పట్టుకున్న వాళ్ళు, ఆడైనా మగైనా, "నువ్వు దిగందే ఇయ్యను" అనాలి. ఆ జవాబు రాకపోతే, ఎంత పెద్దవాడు చెప్పినా సరే, ఎవరూ ఎక్కరు.