అడుగు లేని ఓడ

అనగనగా, బొగ్గు పొగ కక్కే ఓడలు సముద్రం మీద కొత్తగా తిరుగుతున్న రోజుల్లో, మొగలితీరం అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్నేలే విజయకేతు మహారాజుకు ఉన్నది ఒకే రేవు. లేనిది నమ్మకం. మజ్జిగ ఇస్తే ముందు పిల్లికి పోయించేవాడు. ఆ పిల్లి తాగి తాగి గుమ్మడికాయంత అయిందంటారు. పిల్లి సంగతి మనకెందుకులెండి, ఓడ సంగతి చూద్దాం.

ఒకనాడు ఒక విదేశీ కప్తాను కొలువుకు వచ్చాడు. అతని ఇనుప కవచపు యుద్ధనౌక రేవు బయట లంగరు వేసి ఉంది. దాని నమూనాను మూరెడు పొడవున చేయించి, నీలం గాజుపలక మీద అతికించి తెచ్చాడు. గాజే సముద్రమన్నమాట. ఇత్తడి ఫిరంగులు, నల్లటి పొగగొట్టం, గోరంత పడవలు.

అసలు ఓడ మీరు తీసుకోండి, బదులుగా రేవు నాకు రాసివ్వండి అన్నాడు కప్తాను. ఇనుప ఓడ ఉంటే శత్రువు దగ్గరకు రాడు. కానీ రేవు పోతే ఊరందరి కూడూ పోతుంది.

రాజుకు అనుమానం పుట్టింది. నమూనా ఫిరంగుల్లో విషపు ముళ్లున్నాయేమోనని పుల్లపెట్టి పొడిపించాడు. ఏమీ లేవు. మర్నాడు పొగగొట్టంలో పాముపిల్ల దాగిందేమోనని పాములవాడి చేత నాగస్వరం ఊదించాడు. సభకంతా నిద్ర వచ్చింది గానీ పాము రాలేదు. మూడోనాడు ఆ బొమ్మ ఓడ పైభాగం ఊడదీయించాడు. లోపల దుమ్ము కూడా లేదు. ప్రతిసారీ కప్తాను నవ్వుతూ, ఇంకా చూసుకోండి అన్నాడు.

అన్ని అనుమానాలూ తీరేసరికి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రాజుకు నమ్మకం కుదిరింది. రాజముద్ర తెమ్మన్నాడు.

పక్కనున్న రాణి నాగావళి పడవలు కట్టేవారి ఇంటి ఆడపడుచు. ఆ తీరంలో పడవ ఇచ్చేవాడు ముందు దాన్ని ఇసుకలో బోర్లించి చూపాలి. పుచ్చేదీ కారేదీ అడుగే కదా.

"ప్రభువులు అన్నీ చూశారు. అడుగు చూశారా?" అంది రాణి.

"గాజుకు అతికించి ఉంటే ఎలా చూడను?"

"అందుకే అతికించారు."

పాత చుట్టంలా అనుమానం మళ్లీ రాజు ఒళ్లోకి వచ్చి కూర్చుంది. గాజు ఊడదీయించాడు. నీటిమట్టం దగ్గరే బొమ్మ ఓడ అయిపోయింది. కింద ఏమీ లేదు.

నీళ్లకిందిది ఎవరు చూస్తారంటూ కప్తాను నుదురు తుడుచుకున్నాడు.

"చేపలు చూస్తున్నాయిగా, మేమూ చూస్తాం" అంది రాణి. "రేపు ఆటుకు, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, మీ ఓడను ఇసుకమీద ఒరగబెట్టించండి, కప్తానుగారూ. ఆ తర్వాతే ముద్ర."

సరేనని వెళ్లాడు. తెల్లారి ఊరంతా ఒడ్డున చేరేసరికి, ఇనుప ఓడ ఒక పక్కకు ఒరిగి, లోపలి నీళ్లు తోడి పోసుకుంటూ, వచ్చిన దారినే పోతోంది.

రేవు నిలిచింది. ఆనాటి నుంచి ఎవరేమి తెచ్చినా రాజు ముందు బోర్లించి చూసేవాడు. ఒకసారి పిల్లినీ బోర్లించాడట, చేతినిండా గీరింది.

కాబట్టి పిల్లలూ, అనుమానించడం తప్పు కాదు. చూపించిన చోటల్లా వెతికి, దాచిన చోటు వదిలేయడమే తప్పు.