మబ్బుకు ఎడంగా ఎగిరిన గూడబాతు

కొల్లేటి నడుమ ఒక లంక. అక్కడి తుమ్మచెట్ల నిండా గూడబాతుల గూళ్లే. ముక్కు కింద సంచి అన్నిటికీ ఉన్నదే గాని, ఒక ఇల్లాలిది మరీ పెద్దది కావడంతో అందరూ ఆవిణ్ణి సంచమ్మ అనేవారు. ముసురు పట్టి చేపలు దొరక్కపోవడంతో ఆవిడ ఒక్కగానొక్క పిల్ల గూట్లో తల వాల్చేసింది. ఆకలని అరవడం కూడా మానేసింది. అరిచినన్నాళ్లూ విసుక్కున్న సంచమ్మ ఇప్పుడు ఆ అరుపు కోసమే మాటిమాటికీ గూట్లోకి వంగి చూసింది.

మిట్టమధ్యాహ్నం కాస్త ఎండ పొడవగానే అవతలి గట్టుకు ఎగిరి, దొరికిన చేపలన్నీ గబగబా మింగింది. గూడబాతులు అంతే, కడుపులో మోసుకొచ్చి పిల్లల ముందు కక్కి పెడతాయి. తీరా తిరిగి బయలుదేరబోతే, దారికి అడ్డంగా ఒక నల్లమబ్బు బాగా కిందికి దిగి కూర్చుంది.

"ఏంటక్కా, అలా నిలబడిపోయావ్?" గట్టు మీద పాతిన కర్ర మీంచి కాకి పలకరించింది. దానికి తన గూటి సంగతి తప్ప అందరి సంగతులూ కావాలి.

"మబ్బు చూడు తమ్ముడూ. చుట్టు తిరిగి పోయేసరికి పిల్ల ఉంటుందో, ఉండదో."

"చుట్టెందుకు? మబ్బు అంచునే పట్టుకుని పో. గాలే నిన్ను నెట్టుకుపోతుంది. నేనిప్పుడే అటునుంచే వచ్చా!"

సంచమ్మ మనసు లాగింది. కానీ గూడబాతులకు ఒక ఆచారం ఉంది. మబ్బు పక్కన ఎగిరేటప్పుడు కిందికి చూసుకోవాలి. నీళ్ల మీద మబ్బు నీడకూ తమ నీడకూ మధ్య ఒక గుంపు పట్టేంత ఎండ ఉండాలి. మబ్బులోంచి ఎవరైనా ఉన్నట్టుండి వస్తే, పక్కకు తిరగడానికి ఆ మాత్రం చోటు కావాలి. ఆవిడ మామగారు వయసులో ఉన్నప్పుడు ఇది లెక్కచెయ్యక, మబ్బులోంచి వస్తున్న కొంగల బారును గుద్దుకున్నాడు. అప్పట్నుంచీ వంకర రెక్కతో గూటికే అతుక్కుపోయాడు.

సంచమ్మ గాల్లోకి లేచింది. కాకి కూడా వెనకే లేచింది.

"ఇంకా దగ్గరికి జరుగక్కా! పిల్ల గుర్తుందా?"

ఆ మాటతో సంచమ్మ కొంచెం జరిగింది. కింద రెండు నీడల మధ్య ఎండ సన్నబడింది. మబ్బు చెమ్మ ఒంటికి తగిలింది. ఇంకొక్క పిసరు జరిగి అంచు పట్టుకుంటే దారి సగానికి సగం తగ్గుతుంది, పిల్ల నోట్లో చేప పడుతుంది.

అప్పుడు గట్టు వైపు చూపు పోయింది. రోజూ కరెంటు స్తంభం మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల చేపలు లాక్కునే గద్ద ఇవాళ అక్కడ లేదు. ఆకాశంలోనూ లేదు. మరెక్కడుంది? మబ్బులో గాని నక్కి కూర్చోలేదు కదా అనుకుంది సంచమ్మ. చటుక్కున రెక్క వంచి, ఎండలోకి దూరంగా తిరిగింది.

"అదేంటక్కా, దారి వదిలేశావ్!" కాకి గాభరా పడిపోయింది.

"నాకు కళ్లు సరిగా ఆనడం లేదు తమ్ముడూ. నువ్వు వచ్చిన దారేగా? అంచు ఎక్కడో ముందు నువ్వెళ్లి చూపించు. నీ వెనకే వస్తా."

చేతికందిన చేపలు చేజారిపోతాయని కాకికి ఎక్కడలేని హడావుడి. ముందూ వెనకా చూసుకోకుండా మబ్బు అంచుకు పోయి గొంతు చించుకుంది. "కావ్! ఇక్కడక్కా, ఇక్కడ! కావ్!"

అంతే. మబ్బు చీల్చుకుని గద్ద దూసుకొచ్చింది. ఎదురుగా ఎవరున్నదీ చూసుకునే వ్యవధి ఎక్కడిది? గోళ్లు చాచినవి చాచినట్టే కాకి వీపున దిగాయి. రెండూ గిరగిరా తిరుగుతూ పోయి గట్టు పక్క బురదలో పెరిగిన తూటికాడల పొదల్లో పడ్డాయి.

"నువ్వు కావ్ మంటేనే గదరా దూకింది!" బురద ఉమ్ముతూ గద్ద అరిచింది.

"అది ఆవిడ అంచుకొచ్చాక ఇచ్చే సైగరా గుడ్డోడా! నా తోక ఏదిరా?"

సంచమ్మ ఆగి చూడలేదు. దూరంగా, ఎండలోనే, రెక్కలు పీకేస్తున్నా మబ్బు చుట్టూ తిరిగి లంక చేరింది. గూట్లో పిల్ల కదల్లేదు. ఆవిడ చేపలు సంచిలోకి కక్కి, పిల్లను ముక్కుతో మెల్లగా కదిపింది. వాసనకు పిల్ల ఒక కన్ను తెరిచి, తడబడుతూ తల్లి సంచిలోకి తలంతా దూర్చేసింది. సంచమ్మకు ఏడుపు ఆగలేదు.

"ఇంత ఆలస్యమైందేంటమ్మా?" అన్నాడు మామగారు.

"మబ్బు చుట్టూ తిరిగొచ్చాను మామయ్యా."

ముసలాయన తన వంకర రెక్క వైపు చూసుకుని, "మంచి పని చేశావు తల్లీ," అన్నాడు.

లోపల ఏముందో కనిపించని చోటికి ఎవరెంత దగ్గరి దారని చెప్పినా, తప్పుకునేంత ఎడం ఉంచుకుని పోవడమే క్షేమం.