రాహేలమ్మ చేనుకు రెండో పదును

"తొలి పదునుకి తొలి సాలు నీ చేలోనే పడుద్ది పెద్దమ్మా. ఎడ్లని అమ్మెయ్. ఇది నా ఒక్కడి మాట కాదు, సంఘం మాట."

వేసవిలో సాల్మన్ రాహేలమ్మతో అన్న మాట ఇది. విహారం ముందు రేకుల పందిరి కింద, అందరి చప్పట్ల మధ్య అన్నాడు. రాహేలమ్మ ఎడ్లని అమ్మేసింది. జూన్ మొదటి వారంలో వాన పడింది. దున్నే పదును వచ్చింది, పోయింది. సాలు పడలేదు.

దుక్కి దున్నే రోటావేటర్‌ షాఫ్టు ట్రాక్టరుకి ఎక్కలేదు. అంతే.

పల్నాడులో రాహేలమ్మ ఊరి చివర, పేటని ఆనుకుని, రెండు గదుల బౌద్ధ విహారం ఉంది. అందులో ఉండేది ఒకే ఒక్క భిక్షువు, సుమన భంతే. కాషాయ చీవరం కట్టక ముందు ఆయన పదకొండేళ్ళు ఎవరిదో ట్రాక్టరు తోలాడు. ఇప్పుడు ఆ సంగతి ఎత్తడు.

సాల్మన్ ఆయన శిష్యుడు. ఎమ్మే చదివాడు. మూడేళ్ళు యూనివర్సిటీలో మైకు పట్టుకున్నాడు. ఉద్యోగం వద్దనుకుని వచ్చి భంతే దగ్గర చేరాడు. పొద్దున ధ్యానం, పగలు సంఘం. పేటలోని చిన్న రైతులందరూ కలిసి తెచ్చుకున్న ట్రాక్టరు విహారం పక్కనే నిలబడి ఉంటుంది. డ్రైవరు వేరే ఊరికి పనికి పోతే తాళంచెవి సాల్మనే తీసుకున్నాడు. దున్నేవాడిదే భూమి అని అతను ఎన్ని గోడల మీద రాశాడో చెప్పలేం. దున్నడం మాత్రం చదివి తెలుసుకున్నాడు.

జూన్ ఆఖర్న మళ్ళీ వాన పడింది. ఒక రోజంతా చేలు బురద. జూలై ఒకటిన పొద్దున్నే రాహేలమ్మ తన చేలో వంగి, పిడికెడు మట్టి తీసి నొక్కి, వేళ్ళు విప్పింది. మట్టి ఉండ కట్టింది. బొటనవేలు తగలగానే విరిగింది.

అదీ పదును. ఇవాళ దున్నితే రేపు పత్తి గింజ వేయొచ్చు. ఇవాళ తప్పితే రేగడి బిగుసుకుంటుంది, రేపు దున్నినా రాళ్ళలాంటి గడ్డలు లేస్తాయి. రెండు పదునులు పోయాక మూడో వాన కోసం పత్తి ఆగదు. ఆ ఏడాదికి రాహేలమ్మకి సొంత పంట ఉండదు, పరుల చేలో కూలి ఉంటుంది.

ఆమె ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి సాల్మన్ అప్పటికే దాని వెనక మోకాళ్ళ మీద ఉన్నాడు.

రోటావేటర్‌ని ట్రాక్టరు చేతులకి తగిలించడం గంటలో అయింది. మిగిలింది షాఫ్టు. మోయడానికి మొండి బరువు, రెండు కొసల్లోనూ కీళ్ళు, ఎటు పట్టుకున్నా ఇంకో వైపుకి వాలిపోతుంది. ఒక కొస రోటావేటర్‌కి ఎక్కింది. రెండో కొస ట్రాక్టరు వెనక పొడుచుకొచ్చిన బెత్తెడు ఇరుసు మీదికి పోవాలి. ఇరుసు చుట్టూ పళ్ళు ఉంటాయి, షాఫ్టు మూతి లోపల వాటికి సరిపోయే గాళ్ళు ఉంటాయి. పళ్ళు గాళ్ళలో పడితే తోస్తే పోతుంది. పడకపోతే కొండని తోసినట్టే.

సాల్మన్ మోకాలితో షాఫ్టుని ఎత్తిపట్టి, బొటనవేలితో పిన్ను నొక్కిపట్టి, భుజంతో తోశాడు. జారింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ జారి ఈసారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి.

విహారం పక్క గట్టు మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. రాహేలమ్మ పక్కింటి సామ్రాజ్యం వక్క నములుతోంది.

"ఉపన్యాసం చెప్పి చూడు సాల్మనూ, మెత్తబడుద్దేమో" అంది సామ్రాజ్యం.

నవ్వారు.

"కలెక్టరాఫీసు ముందర ఎంత అరిచాడు! కలెక్టరూ కదల్లా, ఇదీ కదల్లా" అంది మళ్ళీ.

"అత్తా, నువ్వు కాసేపు ఊరుకో" అన్నాడు సాల్మన్.

"నేను ఊరుకుంటానే ఉన్నా. నువ్వే కదా, జెండా పట్టుకున్నప్పుడల్లా సామ్రాజ్యవాదం నశించాలంటావు. ఇనేటప్పుడల్లా నా గుండె జల్లుమంటది."

ఈసారి సాల్మన్‌కి కూడా నవ్వొచ్చేదే. కానీ షాఫ్టు మళ్ళీ జారి కాలి మీద పడింది. అతను లేచి నిలబడి ఇనుముని తిట్టడం మొదలుపెట్టాడు. దీన్ని తయారు చేసినవాడు జన్మలో ఎప్పుడైనా పొలం గట్టు తొక్కాడా అన్నాడు. యంత్రం పేదవాడి గుమ్మం దాకా వస్తుంది గానీ పేదవాడి చేతికి లొంగకుండా తయారై వస్తుంది అన్నాడు. ఇది చిన్న లోపం కాదు, వ్యవస్థలోనే ఉన్న లోపం అన్నాడు.

రాహేలమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. పిడికిట్లో తెచ్చుకున్న మట్టిని అతని ముందు విప్పింది. ఉండ అంచులు అప్పటికే రాలుతున్నాయి.

"తిట్టేది తర్వాత తిడుదువుగానిలే నాయనా. మట్టి చూడు."

అప్పుడే భంతే భిక్షకి వెళ్ళి తిరిగి వచ్చాడు. చేతిలో పాత్ర. ట్రాక్టరు వైపు ఒకసారి చూసి, విహారం అరుగు మీద కూర్చున్నాడు.

ఆయన కూర్చోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. భిక్షువు మట్టి తవ్వకూడదు, తవ్వమని ఇంకొకరికి చెప్పకూడదు. బుద్ధుడి కాలం నాటి నియమం అది. పేటలో పిల్లలకి కూడా తెలుసు. జూన్ వానకి సాల్మన్ ఇదే షాఫ్టుతో పెనుగులాడినప్పుడు కూడా ఆయన అదే అరుగు మీద కూర్చుని చూసి, కాసేపటికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి వస్తోంది. సాల్మన్ పెట్టెలోంచి సుత్తి తీశాడు.

రాహేలమ్మ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఎద్దు కాడి కిందికి రాకపోతే కొమ్ములు నరుకుతారా?"

సాల్మన్ చెయ్యి ఆగింది. అతను ఆమె ముఖం చూడలేక అరుగు వైపు చూశాడు. ఇరవై అడుగుల దూరం. నెల రోజుల్లో ఒక్కసారి కూడా అతను ఆ ఇరవై అడుగులు నడవలేదు. డిమాండ్ చేయడం అతనికి బాగా వచ్చు. అడగడం అలవాటు లేదు.

సుత్తి కింద పెట్టి వెళ్ళాడు.

"భంతే, ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

భంతే పాత్ర మీద మూత పెట్టాడు. లేచి చీవరం కొంగు బిగించుకుని నడిచి వచ్చాడు. ఆయన షాఫ్టు వైపు చూడలేదు. ట్రాక్టరు వెనక్కి కూడా పోలేదు. నేరుగా సీటు పక్కకి వెళ్ళి, చెయ్యి చాపి, అక్కడున్న పొట్టి లివరుని కిందికి నొక్కాడు.

టక్కుమంది.

తర్వాత వెనక్కి వచ్చి వంగి, రెండు వేళ్ళతో ఇరుసుని పట్టుకుని తిప్పాడు. పొద్దుటి నుంచీ కొండలా నిలబడ్డ ఇరుసు, పిండి విసిరే తిరగలిలా తిరిగింది.

"షాఫ్టు పట్టుకో" అన్నాడు. "తొయ్యకు."

సాల్మన్ మూతిని ఇరుసుకి ఆనించి పట్టుకున్నాడు. భంతే ఇరుసుని ఇంకాస్త తిప్పాడు. ఎక్కడో పళ్ళు గాళ్ళని వెతుక్కున్నాయి. షాఫ్టు తనంతట తనే లోపలికి జారింది. పిన్ను ఎగిరి తన గుంటలో కూర్చుంది.

"ఓయమ్మ, ఇంతేనా!" అంది సామ్రాజ్యం. నోట్లో వక్క ఇంకా నలగలేదు.

భంతే అరుగు మీదికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటితే ఆయన తినకూడదు.

దున్నేటప్పుడు ఆ లివరు పైకే ఉండాలి, కానీ పైకి ఉన్నంతసేపూ ఇరుసు ఇంజనుతో ముడిపడి ఉంటుంది. చేత్తో ఎవరు తిప్పినా తిరగదు. తాళంచెవి తీసుకున్న రోజే సాల్మన్ దాన్ని పైకి లాగి పెట్టాడు. ముందు శక్తి చేతికి రావాలి, మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి అని ఆ పూట ఎవరితోనో అన్నాడు కూడా. తర్వాత దాన్ని ముట్టుకోవలసిన అవసరం అతనికి కనిపించలేదు.

సాయంత్రం నాలుగింటికి చేను అయిపోయింది. నల్లటి మట్టి పొడి పొడిగా విచ్చుకుని, కొత్త చాప పరిచినట్టుంది. రాహేలమ్మ ట్రాక్టరు వెనకే నడుస్తూ మోడుల్ని ఏరి గట్టు మీదికి విసిరింది. సామ్రాజ్యం గట్టు మీంచి "సాల్మన్ నాయకత్వం" అని అరిచింది. "వర్ధిల్లాలి" అని మిగతావాళ్ళు నవ్వుతూ అందుకున్నారు. సాల్మన్ కూడా చెయ్యెత్తాడు.

ఆఖరి మలుపులో అతని చెయ్యి సీటు పక్కనున్న లివరుకి తగిలింది.

భంతే వెతకలేదు. ఎక్కడుందా అని చూడలేదు. నేరుగా దాని దగ్గరికే వచ్చాడు.

సాల్మన్ ట్రాక్టరుని చేలోనే ఆపేసి విహారానికి నడిచాడు. కాళ్ళకి మట్టి అలాగే ఉంది. భంతే వాకిలి ఊడుస్తున్నాడు.

"జూన్‌లో కూడా ఆ లివరు పైకే ఉందా?"

"ఉంది."

"మీరు చూశారా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

చీపురు ఆగింది. "దున్నమని చెప్పకూడదు."

"లివరు దించమంటే దున్నమన్నట్టా? ఇవాళ మీ చేత్తో మీరే దించారు. ఇవాళ అడ్డురాని నియమం ఆ రోజు ఎక్కడి నుంచి వచ్చింది?"

సాల్మన్‌ గొంతు పెరిగింది. మౌనం అంటే ఎటూ నిలబడకపోవడం కాదన్నాడు. మౌనం ఎప్పుడూ గెలిచేవాడి పక్కనే నిలబడుతుందన్నాడు. ఎన్నో సభల్లో ఎంతోమంది మీద విసిరిన మాటలే. అరువు మాటలే. ఈసారి మాత్రం అవి పట్టవలసిన చోట పట్టాయి.

భంతే చివరిదాకా విన్నాడు.

"నువ్వు వచ్చి అడుగుతావని చూశాను" అన్నాడు.

"ఎందాకా చూస్తారు?"

"అడిగేదాకా."

"నేను అడిగేదాకా ఆమె చేలో పదును ఆగుద్దా?"

భంతే చీపురుని గోడకి ఆనించాడు. అరుగు మీద కూర్చోకుండా, సాల్మన్‌ ముందే, ఇంకా ఊడవని నేల మీద కూర్చున్నాడు.

"ఆగదు."

"అయితే మీరు చెప్పింది జవాబు కాదు."

"కాదు" అన్నాడు భంతే.

సాల్మన్ దేనికైనా సిద్ధపడి వచ్చాడు గానీ దీనికి సిద్ధపడి రాలేదు. ఇన్నేళ్ళలో ఎంతోమంది ముందు కాగితాలు పెట్టి నిలదీశాడు. పరిశీలిస్తాం అన్నారు, పైకి రాస్తాం అన్నారు, బయటికి పొమ్మన్నారు. తన జవాబు జవాబు కాదని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.

"జవాబు ఎవరికి చెప్పాలి?" అని అడిగాడు భంతే. "నీకా?"

సాల్మన్ అవుననబోయాడు.

జూన్‌లో ఆ రోజు మూడు గంటలు పెనుగులాడాక అతను చేతులు కడుక్కున్నాడు. రాహేలమ్మ వచ్చి నిలబడింది. "షాఫ్టులోనే లోపం పెద్దమ్మా, కంపెనీవాళ్ళు మనల్ని మోసం చేశారు, వదిలిపెట్టం" అని చెప్పాడు. పదకొండింటికి ధర్నా బస్సు ఉంది. ఎక్కాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే ఆమె ఇంకా ట్రాక్టరు దగ్గరే నిలబడి ఉంది. అమ్మేసిన ఎడ్ల పలుపులు భుజం మీద వేసుకుని, ఇంకెవరైనా వస్తారేమోనని దారి వైపు చూస్తోంది.

ఈ నెల రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా మళ్ళీ ఎందుకు రాలేదని అతన్ని అడగలేదు.

"ఆమెకి" అన్నాడు సాల్మన్.

"నేను చెప్పాల్సింది నా దగ్గర ఉంది" అన్నాడు భంతే. "నీది నీ దగ్గర ఉంది. కలిసే పోదాం. గడువు నువ్వు పెట్టు."

పదిహేను రోజుల్లోగా అనే మాట అలవాటుగా సాల్మన్ నాలుక మీదికి వచ్చింది. వాకిట్లోంచి చూస్తే చేను కనిపిస్తోంది. వాలే ఎండలో రాహేలమ్మ ఇంకా వంగి ఉంది. ఒక మూల నుంచి ఇంకో మూలకి, రేపు గింజలు పడే వరసల్లో, అడుగులు కొలుచుకుంటూ నడుస్తోంది.

"రేపు" అన్నాడు. "జూలై రెండు. తొలి గింజ నేలలో పడేలోపు."