చుట్టుముట్టిన సేనాపతి

మల్లెకొండ రాజుగారి వసంతోత్సవంలో ఆ ఏడు ఒక వింత పందెం పెట్టారు. రంగునీళ్ళు నింపిన లక్క ఉండలు విసురుకోవాలి. ఒంటిమీద రంగు పడినవాడు ఓడినట్టే. సేనాపతి రణభైరవుడు గెలిస్తే ఊరి మేతబీడు ఆయన గుర్రాలకు, ఓడితే గొర్రెల కాపరులకే.

"యుద్ధమంటే తెలుసా నీకు?" అని కాపరుల పెద్ద ఓబక్కను సేనాపతి వెక్కిరించాడు.

"తెలీదు దొరా. నేను ఈల వేస్తే మావాళ్ళు మాట వింటారు, అంతే."

కాపరులు బీడు నడుమ గుంపుగా నిలబడ్డారు. సేనాపతి మీసం దువ్వి, సైనికులను వాళ్ళ చుట్టూ వలయంగా నిలిపి, తానూ అందులో నిలిచాడు. "ఒక్కడూ తప్పించుకోకూడదు! విసరండి!"

ఓబక్క ఈల వేసింది. కాపరులంతా ఒక్కసారిగా నేలకు కరుచుకుపోయారు. ఉండలు వాళ్ళ మీదుగా దూసుకుపోయి అవతలి సైనికుల రొమ్ముల మీద పగిలాయి. చూస్తుండగానే సేన మొత్తం ఎర్రబడింది, సేనాపతి మీసాలతో సహా. కాపరులు లేచి దుమ్ము దులుపుకున్నారు. వాళ్ళ ఉండలు బుట్టల్లో అలాగే ఉన్నాయి.

రాజుగారు ఆసనం మీంచి లేచి నిలబడ్డారు. "ఒక్క ఉండైనా విసరకుండా ఎలా గెలిచావమ్మా?"

ఓబక్క చేతులు జోడించింది. "చుట్టుముట్టినవాడికి ఎదురుగా ఉండేది తనవాళ్ళే ప్రభూ. మధ్యలో మేం అడ్డున్నాం కాబట్టి సేనాపతిగారికి కనబడలేదు. అడ్డు తొలిగాం, అంతే."